బ్రేకాయిల్ ఇద్దరి పని

ఆ వీధిలో ఆయన అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. "హోల్డాన్ గారు" అంటే చాలు, చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు గానీ, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే చెయ్యెత్తి "హోల్డాన్, హోల్డాన్" అని ఆపేసి, తాను చెప్పాల్సింది చెప్పి, "ఆఁ, ఇప్పుడు రైట్" అని వాళ్లని కదలనిచ్చే అలవాటు మాత్రం రిటైరు కాలేదు. కూరగాయల కొట్లోనూ అంతే, ఆస్పత్రిలోనూ అంతే. ఒకసారి డాక్టరు స్టెతస్కోపు పెట్టి గట్టిగా ఊపిరి పీల్చమంటే, "హోల్డాన్ డాక్టరుగారూ, ముందు నేను చెప్పేది వినండి" అన్నాడట. ఈ ముచ్చట ఆయన భార్య చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంది. ఆయన పక్కనే కూర్చుని, ఎవరి గురించో అన్నట్టు వింటాడు.

ఆ ఇంట్లో ఓ పాత మోటారు సైకిలుంది. కూతురికి సర్వేయరు ఉద్యోగం వచ్చింది, కొండ దారుల్లో తిరగాలి. "నాన్నా, నీ బండి నేను తీసుకెళ్తా, సోమవారం బయల్దేరాలి" అందో రోజు. కొత్త స్కూటరు కొనిపెట్టమంటుందేమో అనుకున్న మనిషి ఉబ్బితబ్బిబ్బయిపోయాడు. అప్పటికప్పుడు గుడ్డ తెచ్చి బండి తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూ తుడుస్తూ హ్యాండిల్ మీదున్న బ్రేకాయిల్ డబ్బా దగ్గరికొచ్చి, దానికుండే చిన్న అద్దంలోంచి చూస్తే ఆయిలు డికాషన్లా నల్లగా ఉంది. చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"సర్వీసింగుకి ఇచ్చేద్దాం" అంది కూతురు.

"హోల్డాన్. కొండ దిగేటప్పుడు నువ్వు పట్టేది ఆ బ్రేకు లివర్నే. దాని వెనకాల ఎవడి చెయ్యి పడిందో నాకు తెలియాలా వద్దా? ఇంట్లోనే మారుద్దాం."

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయనకు ఆ పని వచ్చు. ఒంటరిగా చెయ్యడమే రాదు. అదే చిక్కు.

శుక్రవారం సాయంత్రం తండ్రీకూతుళ్లు స్పేర్ పార్టుల కొట్టుకెళ్లారు. కౌంటరు వెనక ఓ పెద్దావిడ, కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని, బోల్టులు సైజుల వారీగా వేరు చేస్తోంది. ఈయన బ్రేకాయిల్ మార్చుకోవాలి, సామాన్లివ్వమన్నాడు. ఆవిడ మూత మీద ఏ నంబరు రాసుందని అడిగింది. కూతురు ఫోనులో ఫొటో చూపించింది. ఆవిడ ఆ నంబరు డబ్బా తీసి, సీలు చూపించి, "ఇంట్లో ఎప్పుడో మూత తీసిన పాత డబ్బా ఉంటే పొదుపు చేద్దామని పోసేరు, అది తేమ తాగేసుంటుంది" అంది. పాత డబ్బా ఉంది. అటక మీద ఉంది. అదే పోసేద్దామని ఆయన అంతదాకా మనసులో అనుకున్నాడు కూడా. కూతురు ఓరగా చూస్తే ఆయన కొట్టు పైకప్పు చూశాడు.

ఇక ఒక్కొక్క సామానూ ఎంచడం మొదలుపెట్టాడు. పెళ్లిచూపులకు వెళ్లినా అంత పరీక్ష చేసి ఉండడు. స్పానరు ఓపెన్‌ది వద్దు, చక్రం దగ్గర పాత ఆయిలు వదిలే నిపుల్ ఉంటుంది, దాని మూలలు అరిగిపోతాయి, రింగు స్పానరే కావాలన్నాడు. అదీ తన వేలికి తొడిగి, అటూ ఇటూ తిప్పి, "ఇది వదులు" అని ఇంకోటి తీయించాడు. డబ్బా మూత స్క్రూలు మెత్తటివి, కొంచెం తేడా వచ్చినా గీతలు చెరిగిపోతాయని, స్క్రూడ్రైవరు మొనను కొట్లో పడున్న పాత మూత మీద పెట్టి చూసుకున్నాడు. పారదర్శకంగా ఉండే గొట్టం అడిగి, ఒక కొస నోట్లో పెట్టుకుని ఊదాడు. కూతురు సిగ్గుతో పక్క కొట్టు బోర్డు చదవడం మొదలుపెట్టింది. పాత ఆయిలు పీల్చడానికి పెద్ద సిరంజి తీసుకున్నాడు. ట్యాంకు మీద చుక్క పడితే రంగు తినేస్తుంది, ఇంట్లో పాత దుప్పటి ఉంది, పక్కన బకెట్టు నీళ్లు పెట్టుకుంటే సరి అని తనలో తనే అనుకున్నాడు.

అప్పుడు ఆవిడ అద్దాల బీరువాలోంచి పిస్తోలులాంటిదొకటి తీసి బల్ల మీద పెట్టింది. దానికో గుండ్రటి మీటరు, చిన్న సీసా. "ఇది గాలిపంపు. ఆయిల్ని కిందినుంచి లాగేస్తుంది. లివర్ పట్టుకోవడానికి ఇంకో మనిషి అక్కర్లేదు. ఒక్కరే చేసుకునేటట్టయితే తీసుకోండి, సుఖం. ఇద్దరుంటే మాత్రం దండగ. చెప్పండి, ఒక్కరేనా, ఇద్దరా?"

ఉద్యోగమంతా ఆయన జనాన్ని అడిగిన ప్రశ్న అది. ఒకటా, రెండా? ఇప్పుడు ఎవరో తనని అడుగుతున్నారు. పంపు చేతిలోకి తీసుకున్నాడు. బరువుగా, చల్లగా, బాగానే ఉంది. పిడి నొక్కితే మీటరు ముల్లు కదిలింది. దాన్ని మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.

"ఇద్దరం" అన్నాడు.

దారిలో కూతురు అడిగింది. "ఇద్దరం అంటే ఎవరు నాన్నా?"

"నువ్వున్నావుగా."

"ఓహో, నేనా? ఇంకెవరో అనుకున్నా" అంది, సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ.

ఆ ఇంకెవరో ఎవరో ఇద్దరికీ తెలుసు. ఆయన బావమరిది, భార్యకు స్వయానా తమ్ముడు. నాలుగు వీధుల అవతలే ఉంటాడు. ఒకప్పుడు బస్సు డ్రైవరు. బావ కండక్టరు, బావమరిది డ్రైవరు, ఒకే బస్సు, ఒకే రూటు, ఏళ్ల తరబడి. వేరే జత వేద్దామని డిపోలో ఒకరిద్దరు మేనేజర్లు ప్రయత్నించి, ఈ ఇద్దరి మొహాలు వేలాడిపోవడం చూడలేక మానుకున్నారు.

వాళ్ల పని పద్ధతే వేరు. బస్సులో బెల్లుంది, తాడు లాగితే డ్రైవరు దగ్గర మోగుతుంది. హోల్డాన్ గారు దాన్ని ముట్టుకునేవాడు కాదు. వెనక మెట్టు మీద నిలబడి నోటితోనే చెప్పేవాడు, ఇంజను మోతను దాటుకుని ముందుదాకా వినబడేది. ఆ "రైట్"లో ఎన్నో రకాలుండేవి. పొట్టిగా "రైట్" అంటే పద. "రైట్ రైట్" అంటే ఆలస్యమైంది, తొక్కు. "రై...ట్" అని సాగదీస్తే, ముసలావిడ ఒకావిడ ఇంకా సీట్లో సర్దుకుంటోంది, మెల్లగా తియ్యి. గొంతులో చిన్న నవ్వుతో అంటే, ఎక్కినవాళ్లలో ఎవరో తమాషా మనిషున్నాడు, అద్దంలో చూడు. బావమరిది అద్దంలో చూసేవాడు, భుజాలు కదిలేవి. ప్రయాణికులకు ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. వాళ్లిద్దరూ రోజంతా కబుర్లు చెప్పుకున్నట్టే ఉండేది.

ఈ మోటారు సైకిలు కూడా ఇద్దరూ కలిసి కొన్నదే, తెల్లవారుజాము డ్యూటీలకు వెళ్లడానికి. బావమరిది ముందు, బావ వెనక. వెనక కూర్చున్నాయన రైట్ అంటేగానీ బండి కదిలేది కాదు. అత్తారింటికి వెళ్లినా ఇదే వరస, ఇలా ఎవరొస్తారండీ అని హోల్డాన్ గారి భార్య తల బాదుకునేది. బ్రేకాయిల్ మార్చేటప్పుడూ అదే భాష. బావమరిది సీటెక్కి లివర్ దగ్గర, బావ కింద చక్రం దగ్గర. కింద నుంచి "హోల్డాన్" అంటే లివర్ నొక్కి పట్టుకోవాలి. ఈయన నిపుల్ వదులు చేస్తాడు, పాత ఆయిలు గొట్టంలోంచి సీసాలోకి దిగుతుంది, నిపుల్ బిగిస్తాడు. "రైట్" అన్నాకే చెయ్యి వదలాలి. బిగించకముందే వదిలితే గాలి లోపలికి పోతుంది, పని మళ్లీ మొదటికొస్తుంది. సెలవు రోజు పొద్దున ఎండలో కూర్చుని, టీ తాగుతూ, డిపోలో అందర్నీ ఉతికి ఆరేస్తూ చేసుకునేవాళ్లు.

అలాంటి పొద్దునే ఒక రోజు బావమరిది సీటు మీద నుంచి అన్నాడు. "బావా, నేనిక స్టీరింగు పట్టను. పక్కలనుంచి వచ్చేవి కనబడట్లేదు. రేపే డిపోలో చెప్పేస్తా. బస్టాండు విచారణ కౌంటర్లో వేస్తారట."

ఇద్దరూ కలిసే ఉద్యోగం దిగుదామని బావ ఎప్పుడో లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు, అది వేరే సంగతి. తల ఎత్తకుండానే, మూతి ముడుచుకుని, "రైట్. నీ ఇష్టం" అన్నాడు.

రైట్ అన్నాడు కదా. బావమరిది చెయ్యి వదిలేశాడు. నిపుల్ తెరిచే ఉంది, గొట్టం కొస సీసా బయట వేలాడుతోంది. గాలి గుటుక్కున లోపలికి పోయింది.

"ఎవడు వదలమన్నాడు నిన్ను?"

"నువ్వే కదా రైట్ అన్నావు."

"కళ్లంటే సరే, చెవులు కూడా పోయాయట్రా?"

ఎదురింటి అరుగు మీద ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్లు విన్నారు. ఒకడు నవ్వాడు కూడా. బావమరిది బండి దిగి, చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఈయన రోజూ విచారణ కౌంటరు ముందునుంచే వెళ్లేవాడు, మెడ తిప్పేవాడు కాదు. ఇద్దరికిద్దరూ బెట్టు. మధ్యలో ఆ అక్కే అటూ ఇటూ తిరుగుతూ, "నాకున్నదొక్కటే పుట్టిల్లు, దాన్ని కూడా దొంగచాటుగా వెళ్లి చూసుకోవాల్సిన ఖర్మ" అని సణిగేది.

శనివారం పొద్దున ట్యాంకు మీద దుప్పటి కప్పారు. కూతురు సీటెక్కింది, తండ్రి చిన్న స్టూలు మీద కూర్చున్నాడు. భాష నేర్పాడు. పిల్ల తెలివైనది, కాసేపు బాగానే నడిచింది. నల్లటి ఆయిలు పోయి తేనె రంగు రావడం మొదలైంది. అంతలో నిపుల్ తెరిచి ఉండగా సీసా ఒరిగింది, గొట్టం కొస బయటికొచ్చింది. ఈయన కంగారుపడి "హోల్డాన్, హోల్డాన్" అని అరిచాడు. గట్టిగా పట్టుకో అని ఆయన ఉద్దేశం. పిల్లకు పుట్టినప్పటినుంచీ ఇంట్లో హోల్డాన్ అంటే ఒకటే అర్థం, చేస్తున్న పని ఆపెయ్. ఆపేసింది. చెయ్యి తీసేసింది.

లివర్ తడిగుడ్డలా వేలాడింది. మళ్లీ మొదలుపెట్టారు. ఆయన హోల్డాన్ అన్నప్పుడల్లా పిల్ల ఒక్క క్షణం ఆలోచించేది, ఆ క్షణంలోనే తేడా కొట్టేది. పొద్దెక్కేసరికి ముందు బ్రేకు పూర్తిగా పోయింది. ఎల్లుండి ప్రయాణం.

"నాన్నా, నువ్వేదో భాష మాట్లాడుతున్నావు. నాకది రాదు" అంది కూతురు, చేతులు కడుక్కుంటూ. "మావయ్యకొచ్చు."

ఆయన భార్య కేసి చూశాడు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. "వాడు మీ కోసం రాడు. పిల్ల కోసమైతే కాదనడు. మీరే వెళ్లండి" అంది.

"నేను వెళ్తే వాడు తలుపేసేస్తే?"

"వేస్తే తిరిగి రండి. కాళ్లున్నాయిగా."

సామాన్ల సంచీ హ్యాండిల్‌కి తగిలించుకుని, ఆయన బండి తోసుకుంటూ బయల్దేరాడు. దారిలో నలుగురూ పలకరించారు. "ఏంటి హోల్డాన్ గారూ, బండి మొరాయించిందా?" అంటే, ఎప్పుడూ లేనిది, తల ఊపి ఊరుకున్నాడు. వాడు తలుపేస్తాడన్న భయం నిజంగానే ఉంది. వాకిట్లో నిలబెట్టి నలుగురిలో ఓ మాట అన్నా పడాల్సిందే. తాను అన్నది నలుగురిలోనే కదా.

బావమరిది వాకిట్లో నీడన కుర్చీ వేసుకుని ఉన్నాడు. అతని భార్య పనికెళ్లింది, ఇంట్లో ఎవరూ లేరు. మనిషి చిక్కాడు. మొహం ఇటు తిప్పాడు గానీ చూపు ఎక్కడో పక్కన ఆగింది.

"ఆ గొలుసు చప్పుడు మా బండిది" అన్నాడు. "తోస్తున్నదెవరు?"

హోల్డాన్ గారు బండి ఆపాడు. స్టాండు వేశాడు. "పిల్ల సోమవారం కొండల్లోకి వెళ్తోంది. బ్రేకులో గాలి చేరింది" అన్నాడు చివరికి.

బావమరిది గొంతు గుర్తుపట్టాడు. కుర్చీలో ముందుకు వంగాడు.

"మళ్లీ నేనే వదిలానంటావా?"

"కాదు. ఈసారి పిల్ల వదిలింది."

"అయితే మీ ఇంట్లో అందరికీ చెవులు పోయాయన్నమాట."

హోల్డాన్ గారు తలొంచుకుని ఆ మాట పడ్డాడు. బావమరిది కుర్చీలోంచి లేచి, చెయ్యి చాచి, ముందు సీటు, తర్వాత ట్యాంకు, తర్వాత హ్యాండిల్ తడుముకుంటూ వచ్చాడు. లివర్ ఒకసారి నొక్కి చూసి, ఛీ అన్నట్టు వదిలేశాడు.

"నువ్వెక్కు సీటు. కింద పని నేను చూస్తా. నిపుల్ వేళ్లకు తెలుస్తుంది. బుడగలు నువ్వే వంగి చూసి చెప్పు. ఈసారి మాట నాది."

మాట చెప్పడమే తప్ప వినడం ఎరగని మనిషి, కిక్కురుమనకుండా సీటెక్కాడు. డబ్బా నిండా కొత్త ఆయిలు పోసి, స్పానరు బావమరిది చేతికిచ్చాడు. అతను దాన్ని నిపుల్‌కి తొడిగి, వేలితో తడిమి, "మంచిది తెచ్చావే" అన్నాడు.

"హోల్డాన్" అన్నాడు కింద నుంచి.

బావ లివర్ నొక్కి పట్టాడు. గొట్టంలో బుడగలు గుంపుగా దిగాయి. ఉన్నాయన్నాడు.

"రైట్."

వదిలాడు. మళ్లీ హోల్డాన్, మళ్లీ రైట్. బుడగలు పలచబడ్డాయి. లివర్ కింద మెల్లగా గట్టితనం వస్తోంది. ఎండ వాకిట్లోకి పాకింది. పనిలో పడి ఇద్దరూ పాత రోజుల్లోలా అయిపోయారు, మాటల మధ్య అంతే ఎడం, అంతే ఊపు. ఆయనకు ఎంత హాయిగా ఉందంటే, బుడగలు అప్పుడే అయిపోకూడదనిపించింది.

ఒకసారి హోల్డాన్ అని, నిపుల్ బిగించేశాక కూడా బావమరిది రైట్ అనలేదు. ఈయన పట్టుకునే ఉన్నాడు.

"అనవేంరా?"

"ఒకటి అడిగాక అంటా. కూరగాయలవాణ్ని ఆపుతావు. డాక్టర్ని ఆపుతావు. ఊరందర్నీ హోల్డాన్ అని ఆపుతావు. ఆ రోజు నేను దిగిపోతానంటే నన్నెందుకు ఆపలేదు బావా?"

వేళ్లు లాగుతున్నాయి. అయినా వదల్లేదు.

"ఆపితే ఆగిపోతావని భయమేసిందిరా. ఆ కళ్లతో, బస్సు నిండా జనంతో. ఆపకపోతే నేనొక్కణ్నే మిగుల్తా. ఏం చెయ్యాలో తెలియక కోపమొచ్చింది. నువ్వు లేకపోతే నాకు బాగోదురా, అదీ సంగతి. నువ్వెళ్లాక కొత్త డ్రైవరొచ్చాడు. మంచివాడే. వాడికి రైట్ అని చెప్పడానికి నోరు రాలేదు. రిటైరయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు. బెల్లే కొట్టాను."

బావమరిది తల పైకెత్తాడు.

"బెల్లా?"

"బెల్లే."

"నేనోసారి ఎక్కాను బావా ఆ బస్సు" అన్నాడు బావమరిది. "ఎక్కడికీ వెళ్లే పని లేదు. నువ్వు రైట్ అంటే విందామని ఎక్కా. ముందు వైపు, డ్రైవరు వెనకాల కూర్చున్నా. నాకు మొహాలు కనబడవు కదా. బస్సాగింది, జనం ఎక్కారు, బెల్లు మోగింది. తర్వాతి స్టాపులోనూ అంతే. నువ్వు వేరే బస్సుకి మారిపోయుంటావనుకుని దిగిపోయా."

హోల్డాన్ గారికి కళ్లముందు రోడ్డంతా మసకబారింది. అతను దిగాక, ఆ బస్సును కదిలించిన బెల్లు తాడు లాగింది తానే. ఏ రోజో తెలియదు. ఎవరో దిగారనుకుని ఉంటాడు.

"అయితే టికెట్టు లేకుండా ప్రయాణం చేశావన్నమాట" అన్నాడు.

"చేశా. ఇప్పుడు కొట్టు టికెట్టు."

"ముందు చెయ్యి వదలనీరా, వేళ్లు పడిపోతున్నాయి."

"ఇంకాసేపు పట్టుకో బావా" అన్నాడు బావమరిది.

ఆయన పట్టుకున్నాడు.